నిలవని ఎరుపు

పొద్దున ఆరింటికే నాగేష్ ఇంట్లో పనులు పంచేశాడు. పది గంటలకు కర్నూలు నుంచి ఆహార తనిఖీ అధికారి వస్తుంది. భార్య సునీత బీట్‌రూట్ రసం తీసి స్టీలు కాగు నింపాలి. తాను సీసాలు కడగాలి. నాన్న సోమప్ప మాత్రం షెడ్డు దిక్కుకే రాకూడదు; అక్కడ జూస్ చేస్తున్న సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. అందుకని తొమ్మిది కాగానే ఆయన్ని దోస్తు తిమ్మన్న ఇంటికి పంపించారు.

రెండేళ్ల కిందటి దాకా నూలుకు రంగులద్దిన షెడ్డులో ఇవాళ జూస్ చేస్తున్నారంటే ఎమ్మిగనూరు ఊరుకుంటుందా? ఎవరో పుణ్యాత్ముడు, సీసాల్లో ఉండేది బీట్‌రూట్ కాదు, మిగిలిన ఎర్ర రంగేనని అర్జీ పెట్టాడు. ఆ అధికారి అమ్మకం ఆపితే ఉరుకుంద ఈరన్న ఉత్సవాలకు సరుకు పోదు. సరుకు పోకపోతే కూతురి బడి మాన్పించి, సంసారమంతా బెంగుళూరుకు, ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోవాల్సిందే.

తీరా చూస్తే తిమ్మన్న ఆదోనికి పోయాడు. సోమప్ప అరగంటలో వెనక్కి వచ్చి, కొడుకూ కోడలూ పెరట్లో ఉండగా షెడ్డులోకి తొంగిచూశాడు. పాత రంగు కాగు ఉన్న చోటే కొత్త కాగు, దాని నిండా నిగనిగలాడే ఎరుపు! వాసన చూద్దామంటే, నలభై ఏళ్ల రంగుల ఆవిరికి ఆయన ముక్కు ఎప్పుడో చచ్చుబడింది. కొడుకు మళ్లీ అద్దకంలోకి దిగాడు, చెప్పడానికి సిగ్గుపడ్డాడు, అంతే అనుకున్నాడు. ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అటక మీద దాచిన ఆరు నూలు చిలపలు, తెల్లటి దారపు కట్టలు, దించి కాగులో ముంచాడు. రంగు బాగా పట్టాలని పొట్లం ఉప్పు కూడా కుమ్మరించాడు.

"అయ్యో మామా! ఎంత పని సేసినావు!" సునీత కేకకు నాగేష్ పరుగెత్తుకొచ్చాడు. చిలపలు బయటికి లాగేసరికి గేటు దగ్గర జీపు ఆగింది. దాచడానికి చోటు దొరక్క వాటిని గుమ్మానికే వేలాడదీశాడు.

అధికారి రజిని తలెత్తి చూసింది. "ఏంటివి?"

"తోరణాలు మేడమ్. మీరొస్తాండారని..."

ఒక ఎర్రటి చుక్క జారి ఆమె చేతిలోని అర్జీ మీదే పడింది.

"తోరణమేందిరా?" మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులతో సోమప్ప బయటికొచ్చాడు. "నూలుకు రంగేస్తాండాము మేడమ్. ఇది మా ఇంటి ఎరుపు. బట్ట సినిగినా రంగు పోదు!"

రజిని కలం మూత తీసింది. నాగేష్ కళ్ల ముందు బెంగుళూరు బస్సు కనబడింది.

"నమ్మవా? సూడు!" సోమప్ప ఒక చిలప తీసి కొళాయి కింద పెట్టాడు. ఎరుపంతా నీళ్లతో కొట్టుకుపోయి నూలు తెల్లగా తేలింది. రెండోది పెట్టాడు. అదీ అంతే. మూడోదాన్ని ముసలాయన రెండు చేతులా రుద్ది చూశాడు.

"ఎవడమ్మినాడ్రా నీకు? వాని నోట్లో మన్ను పడ! నా కొడుకును నిలువునా ముంచినారు మేడమ్. రాసుకో! నలభై ఏండ్ల అనుభవంతో సెప్తాండాను, ఇది రంగే కాదు!"

రజిని ఆ తెల్ల నూలును వేళ్లతో పట్టి చూసింది. "మా ల్యాబులోనూ ఇట్లాంటి పరీక్షే చేస్తాం, ఉన్ని దారంతో. కలిపిన రంగయితే దారాన్ని వదలదు," అంది. నిన్నటి సీసాలు రెండు నమూనాకు సీలు వేసుకుంది. "అమ్మకం ఆపను. ఈ కాగు మాత్రం నా ముందరే పారబోయండి. ఇకమీదట మీ నాన్న దూరకుండా ఈ షెడ్డుకు తాళం కూడా వేసుకోండి."

జీపు పోయాక నాగేష్ తండ్రికి అసలు సంగతి చెప్పబోయాడు. కొళాయి పక్కన కూలబడి ఇంకా చిలపలు పిండుతున్న ఆ చేతులు చూసి, చెప్పడం మానుకుని తానూ ఒక చిలప అందుకున్నాడు.

ఉరుకుందలో సీసాలన్నీ అమ్ముడుపోయాయి. కూతురు బడికి పోతోంది. సోమప్ప మాత్రం ఆ దొంగ రంగులవాడి అడ్రసు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.