సరిచూశాను, పంపవచ్చు

ఆ సోమవారం పొద్దున ప్రూఫుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు బయల్దేరేలోపు రెండు కప్పుల కాఫీ తాగాలి, నిఘంటువు ప్రూఫులు ఎనిమిది పేజీలు చూడాలి. కప్పుకు నాలుగు పేజీల చొప్పున లెక్క కూడా కుదిరింది. ఒక పెద్ద ముద్రణాలయంలో ఇరవయ్యారేళ్ళుగా అచ్చుతప్పులు పట్టే ఉద్యోగం ఆయనది. ఇంటా బయటా అందరూ ప్రూఫుగారనే పిలవడం వల్ల అసలు పేరు ఇస్త్రీ చెడకుండా కొత్తగా ఉండిపోయింది.

ఆ పేరు ఇప్పుడు వెలుగులోకి రాబోతోంది. ఆరేళ్ళుగా నడుస్తున్న మహానిఘంటువులో మొదటి సంపుటం, అంటే అచ్చులతో మొదలయ్యే మాటల సంపుటం, ఈ శుక్రవారమే అచ్చుకు వెళ్తుంది. అచ్చులు అచ్చవుతున్నాయన్నమాట. దాని మూడో పేజీలో 'సరిచూసినవారు' అన్న మాట కింద ఆయన పేరు ఉంటుంది. ఎంతమంది పేర్లకో దీర్ఘాలు దిద్దిపెట్టిన మనిషి, తన పేరు అచ్చులో చూసుకోబోవడం అదే మొదలు.

రెండో సంపుటం ప్రూఫుల్లో ఆ పొద్దున ఆయన 'కారు' దగ్గరున్నాడు. ఒకటి, స్రవించు. రెండు, నలుపు. మూడు, పంటకాలం. నాలుగు, కాకుందురు. అక్కడికి రాగానే భార్య ఒక కవరు తెచ్చి కప్పు పక్కన పడేసింది.

"ఏవండీ, మీ కారుకి ఐదో అర్థం వచ్చింది. జరిమానా!"

అత్తగారి పళ్ళ సెట్టు కోసం వెళ్ళిన దంతవైద్యశాల ఒక వాణిజ్య భవనంలో ఉంది. ఆ భవనం పార్కింగు నడిపే సంస్థ పంపిన నోటీసు అది. పోయిన నెల పన్నెండో తేదీన ప్రూఫుగారి కారు ఉదయం తొమ్మిదీ నలభై రెండుకు లోపలికి వచ్చి, సాయంత్రం ఆరూ యాభై ఏడుకు బయటకు వెళ్ళిందని కెమెరాలు చెబుతున్నాయట. ఉచితం అరగంటే కాబట్టి మిగతా సమయానికి అపరాధ రుసుము కట్టాలట.

ప్రూఫుగారు చదివి, కుర్చీలోంచి సగం లేచాడు. "దారుణం! ఎంత పొగరు!"

"అదే కదా, అంత డబ్బా అని నేనూ..."

"డబ్బు కాదోయ్! 'వాహణము' అని రాశాడు చూడు. వాహనానికి ణ ఎందుకు? ఏం బరువు మొయ్యాలని?"

నిజానికి ఆ రోజు ఆయన పొద్దున అత్తగారిని అక్కడ దింపి ఎనిమిది నిమిషాల్లో బయటపడ్డాడు. సాయంత్రం ఆఫీసు నుంచి మళ్ళీ వెళ్ళి, పదిహేడు నిమిషాల్లో ఆవిణ్ణి ఎక్కించుకుని వచ్చేశాడు. మధ్యలోని గంటలన్నీ కెమెరా ఊహించుకున్నవే.

"పైసా కట్టను," అని ప్రూఫుగారు ఎర్రకలం మూత తీశాడు. 'ణ'ని 'న' చేశాడు. 'రుశుము'ను రుసుము చేశాడు. 'నిలిపియుంచినారు' అన్నచోట అడ్డంగా కొట్టి, 'లేదు. ఉదయం ఎనిమిది, సాయంత్రం పదిహేడు నిమిషాలు మాత్రమే' అని అంచున చీమల బారులా ఇరికించాడు. మొత్తం పద్నాలుగు తప్పులు తేలాయి. కాగితం అడుగుకు చేరేసరికి, ఇరవయ్యారేళ్ళ అలవాటున చెయ్యి తనంత తానే సంచిలోంచి ఆఫీసు రబ్బరు స్టాంపు తీసి ఠపీమని గుద్దింది: 'సరిచూశాను, పంపవచ్చు.' కింద ముద్రణాలయం చిరునామా, దాని మీద ఆయనగారి సంతకం. కాగితం వచ్చిన సంస్థకే భార్య చేత పోస్టు చేయించి, ఆ తృప్తితో మూడో కప్పు కాఫీ కూడా తాగాడు.

బుధవారం మేనేజరు పిలిచాడు. ఆయన చేతిలో ఆ సంస్థ జవాబు ఉంది. స్టాంపులో ఆఫీసు చిరునామా ఉంది కదా, తిన్నగా అక్కడికే వచ్చింది. మేనేజరు పైకి చదివాడు.

"'అయ్యా, మా నోటీసును క్షుణ్ణంగా సరిచూసి, ఆమోదముద్ర వేసి, పంపవచ్చునని తెలిపినందుకు కృతజ్ఞతలు. రుసుమును కూడా అంతే చురుగ్గా పంపవచ్చును.' ఏమిటండీ ఇది ప్రూఫుగారూ?"

"నేను సరిచూసింది అక్షరాలండీ! ఆరోపణ కాదు!"

"పన్నెండో తేదీన మీ కారు రోజంతా అక్కడుంటే, మీరు ఇక్కడెలా ఉన్నారు?"

"నేను ఇక్కడున్నాను కాబట్టి కారు అక్కడ లేదండీ."

"ప్రూఫ్ ఉందా?"

"నా బల్ల నిండా ప్రూఫులేనండీ!"

"ఆ ప్రూఫులు కావయ్యా!"

"హాజరుపట్టీలో సంతకం ఉంది చూడండి."

"సంతకానిదేముంది? ఈ నోటీసు మీద కూడా పెట్టారుగా."

కంపోజింగు విభాగం వాళ్ళను పిలిచి అడిగారు. కాగితాల కొండ వెనక కూర్చునే ప్రూఫుగారిని ఏ రోజున ఎవరు చూశారు గనక? గొణుగుడు వినబడిందని ఒకరు, అది ఫ్యాను చప్పుడని ఇంకొకరు చెప్పారు.

మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "శుక్రవారం పొద్దున పదింటికి మొదటి సంపుటం మిషనెక్కుతుంది. ఆలోగా తప్పు మాదేనని వాళ్ళ చేత రాయించి తెస్తే సరి. లేకపోతే మూడో పేజీలో మీ పేరు తీసేస్తాను. సరిచూసినవాడే సరైనవాడు కాదంటే నిఘంటువు పరువేం కావాలి? ఇంకో మాట. ఆ ఉత్తరంలో మీ ఎర్రసిరా ఒక్క చుక్క కనబడినా, అది మీరు వండిందే అనుకుంటాను."

ఇంట్లో భార్య నచ్చజెప్పబోయింది. "ఆ కాస్తా కట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదండీ?"

"కడితే రోజంతా ఆఫీసు ఎగ్గొట్టానని నేనే ఒప్పుకున్నట్టు! కట్టుకథలకి డబ్బు కట్టే అలవాటు నాకు లేదు."

"నేనొస్తాను అల్లుడుగారూ," అంది అత్తగారు. "నన్ను దింపడానికేగా ఇంత రభస. కొత్త పళ్ళతో చెప్పే సాక్ష్యం, మాట జారదు."

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి ముగ్గురూ ఆ సంస్థ ఆఫీసుకు వెళ్ళారు. అది భవనం నేలమాళిగలో, మెట్ల కింద ఉన్న ఇరుకు గది. కంప్యూటరు ముందు కూర్చున్న ఫిర్యాదుల అధికారి ముఖంలో, ఫిర్యాదులు విని విని తనకే ఒక ఫిర్యాదు ఉన్నట్టుంది. ముందు సాక్షిని ప్రశ్నించాడు.

"ఆ రోజు ఇక్కడికొచ్చారా అమ్మా?"

"వచ్చానయ్యా. మా అల్లుడుగారి కార్లోనే."

"ఎప్పుడెళ్ళారు?"

"చీకటి పడ్డాక. అదీ అల్లుడుగారి కార్లోనే."

"మధ్యలో?"

"మధ్యలో కదిలితే ఒట్టు! ఒక్కో పన్నుకీ కొలతలు తీసి, అరగదీసి, పెట్టి చూసి, మళ్ళీ తీసి... కూర్చున్నది కూర్చున్నట్టే ఉన్నాను."

అధికారి టకటకా కొట్టుకుంటూ పైకి చదివాడు. "'మధ్యలో కదలలేదని సాక్షి స్వయంగా ఒప్పుకున్నారు.'"

"కదలంది నేనయ్యా, కారు కాదు!"

"మీరు వచ్చిందీ కార్లోనే, పోయిందీ కార్లోనే అన్నారు కదమ్మా. ఇంకేం కావాలి?"

"అత్తయ్యగారూ, కాసేపు పళ్ళు బిగించండి," అని ప్రూఫుగారు ముందుకు జరిగాడు.

"చూడండి సార్," అన్నాడు అధికారి, "కెమెరా అబద్ధం చెప్పదు."

"నిజమూ చెప్పడం లేదుగా! రాక ఒకటి, పోక ఒకటి, రెండు బొమ్మలు చూపిస్తోంది. మధ్యలో తొమ్మిది గంటలు మీరు అతికించారు. 'క'తో మొదలై 'డు'తో ముగిసే మాట 'కథకుడు' కావచ్చు, 'కపటుడు' కావచ్చు. మధ్య అక్షరాలు చూడాలా, వద్దా? ఆ రోజు వచ్చిపోయిన బండ్ల జాబితా మొత్తం అచ్చు తీయించండి."

"ముప్పై రెండు పేజీలండీ అది!"

"నేను రోజూ అరవై చూస్తాను. తీయండి."

ప్రూఫుగారు బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. అధికారి ఆవలించాడు, టీ తాగాడు, మళ్ళీ ఆవలించాడు. ఇరవయ్యో పేజీలో ప్రూఫుగారి వేలు ఆగింది.

"ఇదేమిటి? సాయంత్రం ఆరూ నలభై. నా నంబరే. 'ప్రవేశం' అని ఉంది, పక్కన 'చెల్లదు' అని ఉంది."

"అదాండీ. పొద్దున వచ్చిన బండి లోపలే ఉందిగా. లోపలున్న బండి మళ్ళీ లోపలికి ఎలా వస్తుంది? కుదరదని సిస్టమే కొట్టేస్తుంది."

"లోపలికి వచ్చిందంటే అంతకుముందు బయట ఉందనే కదయ్యా! మీ కెమెరా చూసిన ఒకే ఒక్క నిజాన్ని మీ సిస్టం కొట్టేసింది!"

అధికారి మొదటిసారి కుర్చీలో సర్దుకున్నాడు. "మరి పొద్దున బయటికి పోతుంటే రెండో కెమెరా చూడాలిగా?"

జవాబు మెట్ల పైనుంచి వచ్చింది. గాలి ఆడటం లేదని బయటికెళ్ళిన ప్రూఫుగారి భార్య, గేటు దగ్గర నిలబడి కేకేసింది. "ఏవండీ! ఈ కెమెరాకి ముసుగెందుకేశారు?"

అందరూ పైకెళ్ళి చూశారు. బయటికి పోయే గేటు మీద సంస్థవాళ్ళే కట్టిన పెద్ద గుడ్డ బ్యానరు ఉంది. 'జాగ్రత్త! మీరు నిఘాలో ఉన్నారు' అని దాని మీద రాసి ఉంది. ఒక పక్క తాడు తెగి, అది సరిగ్గా కెమెరా కంటికి అడ్డంగా వేలాడుతోంది. గాలి వీస్తే కెమెరా కన్ను తెరుస్తోంది, గాలి ఆగితే మూస్తోంది.

"నిఘంటువులో నిఘాకి అర్థం రాశాం గానీ, ఇంత అనర్థం ఉందనుకోలేదు," అన్నాడు ప్రూఫుగారు. చేతిలోని చివరి పేజీ తిప్పాడు. "ఇక్కడ 'లోపలే ఉండిపోయిన బండ్లు' అని ఇంకో పట్టీ ఉంది. ఈ స్కూటరు నలభై ఒక్క రోజులుగా లోపలే ఉందట. ఎవరిదో పాపం!"

అధికారి తొంగి చూసి నీళ్ళు నమిలాడు. "నాదేనండీ."

"అంటే మీరు నలభై ఒక్క రోజులుగా ఇంటికెళ్ళలేదు!"

"మా ఆవిడా అదే అంటుందండీ."

"మరి కట్టండి రుసుము! ఆ నోటీసు కూడా నేనే సరిచూసి పెడతాను."

అధికారి కిందికెళ్ళి ఉత్తరం కొట్టాడు, సంతకం పెట్టాడు, సీలు వేసి ప్రూఫుగారి చేతిలో పెట్టాడు. ఐదున్నరకు గదికి తాళం వేసి, నలభై ఒక్క రోజులు లోపలే ఉన్న స్కూటరెక్కి ఝామ్మని బయటికెళ్ళిపోయాడు. బ్యానరు అడ్డంగా ఉంది కాబట్టి కెమెరా అప్పుడూ చూడలేదు.

ప్రూఫుగారు మెట్ల మీద నిలబడి ఉత్తరం చదివాడు. రుసుము రద్దు, మంచిది. కారు ఉన్నది ఇరవై ఐదు నిమిషాలే, బాగుంది. చివరి వాక్యం దగ్గర ఆయన ముఖం పాలిపోయింది.

'తుప్పు మా కెమెరాదే.'

"తుప్పేమిటి?" అంది భార్య.

"తప్పు రాయబోయి తుప్పు రాశాడు! తప్పు అనే మాటలోనే తప్పు!" ఆయన చెయ్యి జేబులోని ఎర్రకలం మీదికి పోయింది. "కొమ్ము తీసి తలకట్టు పెడితే చాలు. ఒక్క క్షణం పని."

"వద్దు!" అంటూ అత్తగారు కలం లాగేసుకుని కొంగున ముడేసింది. "ఎర్రచుక్క కనబడితే చెల్లదన్నాడన్నారుగా మీ మేనేజరు!"

"కొమ్ములు తిరిగిన ప్రూఫు రీడర్ని, ఈ కొమ్ముతో ఎట్లా వెళ్ళను అత్తయ్యగారూ? వీళ్ళ గది రేపు పదకొండింటికి గానీ తెరవరు. మిషను పదింటికి!"

ఆ రాత్రంతా కన్నబిడ్డలా కాపాడిన ఉత్తరాన్ని శుక్రవారం తొమ్మిదీ యాభైకి ఆయన మేనేజరు చేతిలో పెట్టాడు. బల్ల మీద మూడో పేజీ తుది ప్రూఫు ఉంది. పక్కనే పేరు కొట్టేయడానికి సిద్ధంగా మేనేజరు కలం. మేనేజరు ఉత్తరాన్ని వెలుతురుకు ఎత్తి, ఎర్రసిరా కోసం రెండు వైపులా వెతికాడు. లేదు. అప్పుడు చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆగాడు.

"తుప్పా?"

ఇరవయ్యారేళ్ళ వృత్తిధర్మం ప్రూఫుగారి గొంతులోకి ఎగదన్నుకొచ్చింది. "అది తప్పండీ..."

"తప్పని రాస్తే నేను నమ్మేవాణ్ణి కాదయ్యా!" మేనేజరు బల్ల చరిచాడు. "తప్పు మాదే అని ఎవడైనా రాసిస్తాడు, ఒక టీ ఇప్పిస్తే చాలు. ఇది చూశారా? తుప్పు! సాంకేతిక కారణం! లోపల తుప్పు పట్టిన కెమెరాకి తొమ్మిది గంటలేం ఖర్మ, తొంభై గంటలైనా కనబడతాయి. ఉత్తరమంటే ఇట్లా ఉండాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ లేదు. ఏమంటారు?"

ప్రూఫుగారు ఉత్తరం వైపు చూశాడు. మూడో పేజీ వైపు చూశాడు. గోడగడియారంలో పది కావడానికి రెండు నిమిషాలున్నాయి. తన ఉద్యోగజీవితంలో మొదటిసారి ఒక అచ్చుతప్పును కళ్ళారా చూస్తూ, గుటకేసి లోపలికి మింగాడు.

"అవునండీ. బాగా పట్టింది."

మేనేజరు మూడో పేజీ మీద పేరు ఉన్నది ఉన్నట్టు ఉంచి సంతకం పెట్టి, మిషను గదికి పంపేశాడు. ఆ ఊపులోనే గంట కొట్టి కాగితాల గోడౌను కాపలాదారును పిలిచాడు.

"మన కెమెరాకీ తుప్పు పడుతుందేమో. ఇవాళే నూనె పూయించు. నిండుగా, అద్దంతో సహా."

ఆ రోజు నుంచి ఆ గోడౌనులో ఒక్క దొంగతనమూ రికార్డు కాలేదు.