ల్యాప్‌టాప్ సీమంతం

ఆ రోజు ఉదయం శ్రీకృష్ణ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఫిలింనగర్‌లోని పట్టాభిరామయ్యగారి ఆఫీసుకు అందరికంటే ముందు చేరుకోవాలి. చివరి సీనులో మిగిలిన రెండు డైలాగులు కొట్టాలి. కింద ‘శుభం’ అని టైపు చేసి, ముహూర్తం వేళకు ల్యాప్‌టాప్‌ను దేవుడి పటాల ముందు పెట్టి, చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడాలి. అంతే. ఇందులో తేడా రావడానికి ఏముంది అనుకున్నాడు పాపం.

శ్రీకృష్ణ ఏళ్ల తరబడి ఇతరుల పేరు మీద సినిమాలకు మాటలు రాస్తున్నాడు. హాల్లో జనం ఈలలు వేసే మాటలు ఇతనివి, తెర మీద పడే పేర్లు ఇంకెవరివో. ప్రతి సినిమాకూ భార్య భువన టైటిల్స్ అయ్యేదాకా కళ్లార్పకుండా చూసి, ‘‘ఎక్కడండీ మీ పేరు?’’ అని అడుగుతుంది. ఇతను పాప్‌కార్న్ తెస్తానని లేచిపోతాడు. ఈసారి మాత్రం నిర్మాత పట్టాభిరామయ్యగారు స్వయంగా మాట ఇచ్చారు. ‘‘మాటలు: శ్రీకృష్ణ అని కార్డు వేస్తానయ్యా. ముహూర్తం సవ్యంగా జరగనీ.’’

పట్టాభిరామయ్యగారు మంచి మనిషే, కాకపోతే సెంటిమెంట్లు ఎక్కువ. ఆయన తీసిన వాటిలో ఆడిన సినిమా ఒక్కటే. దాన్ని ఏ ల్యాప్‌టాప్ మీద రాశారో, ఆ తర్వాత ప్రతి కథనూ దాని మీదే రాయాలి. అది ముసలిదైపోయినా, వారంటీ ఎప్పుడో గతించినా సరే. మధ్యలో ఒక కథ బయటికి పొక్కిందని దానికున్న రంధ్రాలన్నిటికీ లక్క పోయించి సీలు వేశారు. ఇంటర్నెట్టు లేదు, పెన్‌డ్రైవు లేదు, ఛార్జింగ్ రంధ్రం ఒక్కటే దిక్కు. అంటే, శ్రీకృష్ణ ఆర్నెల్ల కష్టానికి కాపీ అంటూ ఎక్కడా లేదు.

అన్నిటికంటే పెద్ద సెంటిమెంటు ఇంకొకటుంది. ఆఫీసులో అశుభం మాట వినపడకూడదు. పోయినసారి ముహూర్తం నాడు క్యాషియర్, ‘‘ఫ్యాను ఆగిపోయింది సార్’’ అన్నాడు. రెండో షెడ్యూల్లో సినిమా ఆగిపోయింది. ఆ క్యాషియర్ ఇప్పుడు కృష్ణానగర్‌లో కర్రీ పాయింటు నడుపుకుంటున్నాడు.

శ్రీకృష్ణ ‘శుభం’ కొట్టి మూత దించాడు. మూత పడలేదు. మళ్లీ దించాడు. మళ్లీ లేచింది. వంగి చూస్తే కీబోర్డు మధ్యలో పూరీలా పొంగి ఉంది. కథ పొక్కకుండా గది బయట బుట్టలో పెట్టించే ఫోను తీసి, మధురానగర్‌లో రిపేరు షాపు నడిపే నిహారికకు చేశాడు.

‘‘బ్యాటరీ ఉబ్బిందన్నా,’’ అంది నిహారిక. ‘‘ఆఫ్ చెయ్యి. ఛార్జింగ్ పెట్టకు, నొక్కకు, నిప్పు దగ్గర అస్సలుంచకు. అంటుకుంటే ఉన్నదంతా బూడిదైతది. జల్ది పట్కరా.’’

ల్యాప్‌టాప్ ఆపి చంకలో పెట్టుకుని గుమ్మం దాటబోతుంటే ప్రొడక్షన్ మేనేజర్ హనుమంతు ఎదురొచ్చాడు. బోరబండ మనిషి. సాయం చెయ్యకుండా ఉండలేని జబ్బు ఒకటుంది అతనికి.

‘‘ఏందన్నా గిది, మూత పడ్తలేదా? జర గీ కుర్చీల పెట్టు, నేను మీద కూసుంట. మా ఇంట్ల సూట్‌కేసు గట్లనే మూస్తం.’’

అంటూనే లాక్కుని కుర్చీలో పెట్టేశాడు, కూర్చోవడానికి సిద్ధమైపోయాడు. ‘‘వద్దన్నా, నీకు దండం పెడతా!’’ అని శ్రీకృష్ణ కుర్చీ మీద పడ్డాడు. సరిగ్గా అప్పుడే పట్టు పంచె సర్దుకుంటూ పట్టాభిరామయ్యగారు లోపలికొచ్చారు.

‘‘ఏంటయ్యా ఈ గోల, ముహూర్తం పూట?’’

శ్రీకృష్ణ నోరు తెరిచాడు. పాడైంది? ఆ మాట అనకూడదు. చెడిపోయింది? అసలే అనకూడదు. అంటుకుంటుంది? రామ రామ. కర్రీ పాయింటు కళ్లముందు కదిలింది.

‘‘సార్... మన ల్యాప్‌టాప్... కొంచెం పెరిగిందండీ.’’

‘‘పెరిగిందా?’’ పట్టాభిరామయ్యగారు కళ్లజోడు పెట్టుకుని వంగారు. కీబోర్డును అరచేత్తో తడిమారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘‘నిన్న పలకలా ఉంది కదయ్యా! ముహూర్తం రోజున, దానంతట దానికే పొట్ట వచ్చింది! దీని కడుపు పండిందయ్యా! సుందరికి ఫోన్ చెయ్!’’

‘‘ఒక్కసారి మధురానగర్ తీసుకెళ్లి చూపించుకొస్తానండీ. ఊరికే, చెకప్‌కి...’’

‘‘నిండు మనిషిని శుభం జరిగే వేళ గడప దాటిస్తావా? నీకు పెళ్లయిందా లేదా అసలు?’’

జూబ్లీహిల్స్ ఇంటి నుంచి ఆయన భార్య బాలాత్రిపురసుందరిగారు వచ్చేసరికి కారు డిక్కీ నిండా సామాను ఉంది. ఆవిడకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ పెళ్లి మాటెత్తితే జిమ్ముకు పోతారు. కోడలికి సీమంతం చెయ్యాలని కొన్న గాజులు బీరువాలో రంగు మాసిపోతున్నాయి. ఇంతకాలానికి ఇంట్లో ఒక శుభవార్త వింటే ఆవిడ ఊరుకుంటుందా? కుర్చీకి పూలదండలు చుట్టింది, ల్యాప్‌టాప్ మూతకు రవికల గుడ్డ కప్పింది, గంధం పూసింది. గాజులు ఎక్కడ తొడగాలో తెలియక ఛార్జర్ తీగకు ఎక్కించింది. ముహూర్తం షాటుకని వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు నలుగురు పేరంటాళ్లయ్యారు. ఏం చేసినా వాళ్లకు ఆ రోజు కూలి, బేటా గ్యారంటీ కాబట్టి పాట కూడా అందుకున్నారు.

‘‘పాపం, నీరసంగా ఉందేమో, వెలుగే లేదు. హనుమంతూ, ఛార్జింగ్ పెట్టు నాయనా. రెండు ప్రాణాలకు తినాలి.’’

హనుమంతు ప్లగ్గు పట్టుకుని పరిగెత్తాడు. శ్రీకృష్ణ వెనక నుంచి వాటేసుకున్నాడు. ‘‘వద్దమ్మా! తెల్లారినప్పటి నుంచి వాంతులు. ఏమీ ఇమడట్లేదు!’’

‘‘అయ్యో, మొదటి కాన్పు కదూ,’’ అందావిడ జాలిగా. ‘‘పోనీ చలిమిడి వాసనైనా చూపిద్దాం.’’

చూపించడంతో ఆగలేదు. ఒక ముద్ద కీబోర్డు మీద పెట్టింది కూడా. అంతవరకు శ్రీకృష్ణ పంటిబిగువున ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ హారతి పళ్లెం అందుకుంది. పళ్లెంలో కర్పూరం ఒకటి కాదు, గుప్పెడుంది. మంట జానెడు ఎత్తున లేచింది. మంగళహారతి పాడుతూ ఆవిడ వంగుతోంది. మంట కిందికి దిగుతోంది. ఆ సెగకు లోపల ఎక్కడో టప్పుమని చప్పుడైంది, కీబోర్డులోంచి ఒక మీట ఎగిరి హనుమంతు జేబులో పడింది. శ్రీకృష్ణకు ఆర్నెల్ల రాత, తెర మీది పేరు, భువన మొహం, అన్నీ ఒకేసారి కనిపించాయి.

‘‘నొప్పులు!’’ అని గావుకేక పెట్టాడు. ‘‘అమ్మా, నొప్పులొచ్చాయి! ఆలస్యం చేస్తే ఇక్కడే అయిపోతుంది!’’

పళ్లెం పక్కకు పోయింది. పాట ఆగింది. ‘‘కారు తియ్యండ్రా!’’ అని పట్టాభిరామయ్యగారు పంచె ఎగ్గట్టారు. ముందు కారులో ఏసీ హోరున పెట్టి ఒళ్లో ల్యాప్‌టాప్‌తో శ్రీకృష్ణ, పక్కన నిర్మాతగారు, వెనక వ్యానులో బాలాత్రిపురసుందరిగారు, పేరంటాళ్లు, ఫ్లాస్కు నిండా వేడినీళ్లు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర బండ్లు ఇరుక్కుంటే హనుమంతు కిందికి దిగి, ‘‘డెలివరీ కేసు! జర జరగుండ్రి!’’ అని ఆటోలను తోశాడు.

ట్రాఫిక్ పోలీసు వచ్చి కిటికీలోకి తొంగి చూశాడు. ‘‘పేషెంటేది?’’

హనుమంతు రవికల గుడ్డలో చుట్టిన ల్యాప్‌టాప్‌ను చూపించాడు. పోలీసు దాన్ని చూశాడు, గాజులు చూశాడు, పట్టాభిరామయ్యగారిని చూశాడు. జూబ్లీహిల్స్‌లో డ్యూటీ చేసేవాడు దేనికీ ఆశ్చర్యపోడు. ‘‘షూటింగా సార్? కెమెరా ఏడ పెట్టిండ్రు?’’ అని టోపీ సర్దుకుని, ఛాతీ విరిచి సిగ్నల్ తెరిచాడు.

మధురానగర్ షాపులో శ్రీకృష్ణ నిహారిక చెవిలో సంగతంతా గబగబా చెప్పాడు. ఆమె ల్యాప్‌టాప్‌ను తిప్పి చూసింది. ‘‘వారంటీ లేదు సరే. కింద లక్క, మీద గంధం, నడుమ చలిమిడి. ఎవరన్న సదువుకున్నోళ్లు చేసే పనేనా అన్నా ఇది?’’ అని తిట్టుకుంటూ లోపలికి తీసుకుపోయి తలుపేసింది. బయట పట్టాభిరామయ్యగారు అటూ ఇటూ పచార్లు మొదలుపెట్టారు. పేరంటాళ్లు బెంచీ మీద కూర్చుని మొక్కుకున్నారు.

లోపల నిహారిక స్క్రూలు విప్పి, ప్లాస్టిక్ రేకుతో మెల్లగా లేవదీసింది. దిండులా ఉబ్బిన బ్యాటరీ బయటికొచ్చింది. దాన్ని ఇసుక డబ్బాలో పెట్టి పెరట్లోకి చేర్చింది. ఛార్జర్ తగిలించి బటన్ నొక్కింది. తెర నల్లగానే ఉంది. శ్రీకృష్ణ తెర మీదికి వంగి చూశాడు. ఇంకా నల్లగానే ఉంది. ‘‘ఆగన్నా, ముసల్ది గదా,’’ అంది నిహారిక. కాసేపటికి వెలుగొచ్చింది. ఫైలు తెరుచుకుంది. చివరి పేజీలో ‘శుభం’ చెక్కుచెదరకుండా ఉంది. శ్రీకృష్ణ బల్ల మీద తల పెట్టుకుని భోరున ఏడ్చేశాడు.

‘‘ఏడుపు వినిపించింది!’’ బయట బాలాత్రిపురసుందరిగారు ఎగిరి గంతేసింది. ‘‘పుట్టిందండీ!’’

తలుపు తెరుచుకునేలోగా నిహారిక లక్క గీకి కథను రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించేసింది. పట్టాభిరామయ్యగారు నేరుగా పెరట్లోని డబ్బా వైపు నడిచారు. ‘‘లోపలి నుంచి వచ్చింది ఇదేగా? పూజ గదిలో పెట్టుకుంటాను.’’

నిహారిక అడ్డంగా నిలబడింది. ఇలాంటివాళ్లతో ఎలా మాట్లాడాలో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ‘‘అది బిడ్డ ఎన్క పడే మాయ సార్. ఎవరన్న ఇంట్ల పెట్టుకుంటరా? ఇగో, బిడ్డ ఇది,’’ అని అట్టపెట్టెలోంచి మెరిసిపోయే కొత్త బ్యాటరీ తీసి ఆయన చేతుల్లో పెట్టింది. ‘‘దీనికి ఏడాది వారంటీ కూడా ఉన్నది.’’

శ్రీకృష్ణ కళ్లు తుడుచుకున్నాడు. ‘‘సార్, ముహూర్తానికి ఇంకా టైముంది. బయల్దేరదామా?’’

‘‘ముహూర్తమేంటి నాయనా?’’ బాలాత్రిపురసుందరిగారు బుగ్గ మీద వేలేసుకుంది. ‘‘పురుడొచ్చిన ఇంట్లో శుభకార్యమా? పదకొండో రోజు బారసాల చేసి అప్పుడు పెట్టుకోవాలి.’’

తన నోటితో తెచ్చుకున్న నొప్పులు తనకే తగిలాయి. ఫిలింనగర్‌లో అన్ని రోజులంటే రచయితలు ముగ్గురు మారిపోవచ్చు. శ్రీకృష్ణకు ఆ రోజుల్లో ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. కానీ ఎవరూ మారలేదు. బారసాల నాడు కొత్త బ్యాటరీ బిగించిన ల్యాప్‌టాప్‌ను ఉయ్యాల్లో వేశారు. పేరు పెట్టే వేళకు బాలాత్రిపురసుందరిగారు శ్రీకృష్ణ వైపు ఆప్యాయంగా చూసి, ‘‘ప్రాణం కాపాడినవాడి పేరే పెడదామండీ’’ అంది. పట్టాభిరామయ్యగారు దాని చెవి అనుకుని స్పీకరు దగ్గర నోరు పెట్టి ముమ్మారు ‘శ్రీకృష్ణ’ అని పిలిచారు. శ్రీకృష్ణ ఆనందం పట్టలేక మళ్లీ ఏడ్చాడు. ఆ మంచి గడియలోనే ముహూర్తం షాటు కూడా అయింది.

సినిమా విడుదలైంది. మొదటి ఆటకు మొగుడూపెళ్లాలు మంచి బట్టలు కట్టుకుని వెళ్లారు. టైటిల్స్ మొదలయ్యాయి. భువన అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాట తప్పని పట్టాభిరామయ్యగారు తెర నిండా పెద్ద అక్షరాలతో కార్డు వేయించారు: ‘మాటలు: శ్రీకృష్ణ’. పక్కనే ఫోటో కూడా వేయించారు. పూలదండ వేసుకుని, గాజులు తొడుక్కుని, మూత తెరిచి కూర్చుంది ల్యాప్‌టాప్.

ఈసారి పాప్‌కార్న్ తేవడానికి భువన లేచింది.