గ్లాసుకి నాలుగు వందల పన్నెండు

ఇరవై అయిదేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా అందని కార్యాలయంగా మన తనిఖీ శాఖ రికార్డుకెక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి మొదటి ఏడాదే పోయిన మాట నిజమే. కానీ శుభమా అని పార్టీ చేసుకుంటుంటే అలాంటివి ఎత్తకూడదు.

ఇంతటి ఘనతను టీతో సరిపెడితే ఘనతకీ అవమానం, టీకీ అవమానం అనుకున్నారు డైరెక్టర్ గారు. గొప్పవాళ్లు ఏం సాధించినా బుడగల వైన్ సీసాని ఢామ్మని తెరుస్తారని ఆయన ఒకసారి విమానంలో ఏదో పత్రిక తిరగేస్తూ చదివారు. వెంటనే ఆరు సీసాలకు ఉత్తర్వు వేశారు. వైన్ వచ్చిన వైనం అదీ.

ఆ భారం స్టోర్ సూపరింటెండెంట్ మీద పడింది. ఆఫీసంతా ఆయన్ని సీలు బాబాయ్ అంటుంది. జేబులో ఎప్పుడూ ఇత్తడి సీలు ఉండాల్సిందే. సీలే శీలం అని ఆయన నమ్మకం. ఆయన ప్రమోషన్ ఫైలు పదమూడేళ్లుగా డైరెక్టర్ గారి బల్ల మీదే ఉంది. పూలకుండీ తడి బల్లకి అంటకుండా, దాని కింద సేవలందిస్తోంది.

"పార్టీలో ఢాం అనగానే, అందరి ముందూ నీ ఫైలు మీద సంతకం పెట్టేస్తానయ్యా," అన్నారు డైరెక్టర్ గారు. "అదేమీ అనకపోతే, నేనూ ఏమీ అనను. పూలకుండీ ఎత్తను, అంతే."

ఏ వైన్ కొనాలో ఎంపిక చేయడానికి సంఘం వేశారు. పనివేళల్లో తాగకూడదు, పనివేళలు దాటాక ఆఫీసులో ఉండకూడదు. అందుచేత సంఘం వైన్‌ని చూపుతోనూ బరువుతోనూ రుచి చూసింది. అకౌంటెంట్‌ని వెంటబెట్టుకుని బాబాయ్ దుకాణానికి వెళ్లాడు.

"డ్రై ఇమ్మంటారా, తియ్యటిది ఇమ్మంటారా?" అన్నాడు దుకాణదారు.

"డ్రై అంటే పొడి కదా. పొడిగా ఉంటే తాగడం ఎలాగయ్యా?" అన్నాడు అకౌంటెంట్.

"తడిగానే ఉంటుంది సార్. తీపి తక్కువని అర్థం."

"తడిదాన్ని పొడి అని రాసుకుంటే, రేపు ఆడిట్‌లో సంజాయిషీ ఇచ్చేది నువ్వా, మా బాబాయా?"

'ఇది ద్రవపదార్థమే' అని దుకాణదారు కాగితం రాసిచ్చాకే డ్రై మంజూరైంది. పాపం, మంచివాడు, మూడు మాటలు చెప్పి పంపాడు. చల్లగా ఉంచండి. కుదపకండి. తాగే క్షణం దాకా మూత తీయకండి.

మొదటి రెండూ అమలయ్యాయి. మూడోది నిబంధనలకు విరుద్ధం. సీలుతో వచ్చిన ఏ వస్తువునైనా స్టోర్‌లో తెరిచి, ఉండాల్సింది ఉందని సరిచూసి, తిరిగి సీలు వేయాలి. నిప్పు ఆర్పే సిలిండర్‌ని కూడా అలాగే సరిచూశారు. భేషుగ్గా పనిచేసింది. ఇప్పుడది ఖాళీగా, సీలుతో, గోడకి వేలాడుతోంది.

"మూత తీస్తే బుడగలు పోవాండీ?" అంది బాబాయ్ భార్య, క్యారేజీ సర్దుతూ.

"పోవడం నా పరిధి కాదే. ఉన్నాయా లేవా అన్నదే నా పరిధి."

"తగలబడింది మీ పరిధి. పదమూడేళ్లుగా అందులోనేగా తిరుగుతున్నారు!"

పార్టీకి తొమ్మిది రోజుల ముందు తనిఖీ జరిగింది. ఢామ్మంది. కార్కు ఫ్యానుకి తగిలి గోడ గడియారం మీద పడింది. రెండేళ్లుగా ఆగిపోయి ఉన్న ఆ గడియారం కదిలింది. ఆరు సీసాలు, ఆరు ఢాంలు. నురగ బల్లంతా పొంగింది. బుడగలు లెక్కపెట్టడానికి పిలిచిన వాళ్లలో కొత్తగా చేరిన టైపిస్టు ఒకర్తె. అనుమతి లేకుండా నవ్వుతుంది కాబట్టి ఆమెను నవ్వుల టైపిస్టు అంటారు. "ముక్కులో చక్కిలిగింతలు పెడుతున్నాయి బాబాయ్, చూడండి!" అని ఆమె గ్లాసు ఆయన మొహం దగ్గర పెట్టింది. బాబాయ్ కూడా నవ్వాడు. ఆ మాట సాక్షులు చెబితేనే భార్య నమ్మింది.

నలుగురికి నాలుగు లెక్కలొచ్చాయి. సగటు తీస్తే గ్లాసుకి నాలుగు వందల పన్నెండు. స్టోర్‌లో తరుగు చూపకూడదు కనుక, కొలిచినదాన్ని గరాటు పెట్టి మళ్లీ సీసాల్లో పోశారు. కార్కు మాత్రం, సెలవు రుచి మరిగిన గుమాస్తాలా, అడుగు ఉబ్బి లోపలికి వెళ్లనంది. బ్లేడుతో చెక్కి, పాత ఫైలు కాగితం చుట్టి, దూర్చి లక్క వేశారు. ఒక్కో సీసాకి చీటీ అంటించారు: 'బుడగలు 412. సరిచూడబడినవి.' దాని మీద బాబాయ్ సీలు.

పార్టీ రోజు మధ్యాహ్నం, ఆ ఒక్క పూటకి తాగుడు నిబంధన సడలిస్తూ ఉత్తర్వు వేశాక, కాన్ఫరెన్స్ హాలు కుటుంబాలతో సహా నిండింది. పొడుగాటి గ్లాసులు దొరకనందున ప్రయోగశాల నుంచి గీతల గ్లాసులు తెచ్చారు; ఎవరికీ గీత దాటకుండా పోయవచ్చు. డైరెక్టర్ గారి ముందు బాబాయ్ ఫైలు, పూలకుండీ అడుగు గుండ్రంగా అచ్చుపడి, తెరిచి ఉంది. పెన్ను మూత కూడా తీశారు.

తెల్ల గ్లౌజులు తొడుక్కున్న డైరెక్టర్ గారి డ్రైవర్ పేపర్‌వెయిట్‌తో లక్క పగలగొట్టి కార్కు లాగాడు. అది నిట్టూర్పయినా లేకుండా వచ్చేసింది.

హాలంతా ఎదురుచూసింది. బాబాయ్ గొంతు తడారిపోయింది. డ్రై అంటే ఏమిటో ఆయనకి అప్పుడు అర్థమైంది.

"ఢాం!" అన్నాడు అకౌంటెంట్.

స్నేహమంటే అదీ. వెంటనే సిబ్బంది అంతా సీనియారిటీ ప్రకారం ఢాం, ఢాం అన్నారు. ఆఖర్న డ్రైవర్ "ఢాం సార్" అన్నాడు. పోశారు. తాగారు. మూత పెట్టడం మరిచిన సోడాలో పులుసు కలిపినట్టుంది. అందరూ డైరెక్టర్ గారి మొహం వంక చూశారు. ఆయన సీసా మీది చీటీ చదివి లేచి నిలబడ్డారు.

"సోదరులారా! నేను ఎన్నో వైన్ల గురించి చదివాను. కానీ ఇంతటి క్రమశిక్షణ గల వైన్‌ని చూడలేదు! పైకి పొంగదు. చప్పుడు చేయదు. గీత దాటదు. అచ్చం మన శాఖే!"

చప్పట్లు మోగాయి. పెన్ను ఫైలు మీద వాలబోయింది.

"బుడగలేవి బాబాయ్?" అంది నవ్వుల టైపిస్టు, గ్లాసు పైకెత్తి చూస్తూ. "ఆ రోజు ఎన్నున్నాయి! మనం మూత తీసినప్పుడే పోయాయి కదూ?"

పెన్ను ఆగింది. "ఏమయ్యా, ఉన్నాయా, లేవా?"

బాబాయ్ గ్లాసులోకి చూశాడు. అడుగు దాకా నిర్మలంగా ఉంది. అవతలి గోడా, గోడ దగ్గర నిలబడ్డ భార్యా దానిలోంచి కనిపిస్తున్నారు. ఆవిడ, చెప్పండి, అన్నట్టు తలూపింది. ఏం చెప్పమందో ఆయనకి తెలియలేదు. ముక్కు చివర ఆ రోజు చక్కిలిగింత ఒక్క క్షణం గుర్తొచ్చింది. చెయ్యి మాత్రం అలవాటుగా జేబులోకి వెళ్లి సీలుని తడిమింది.

"ఉన్నాయి సార్. గ్లాసుకి నాలుగు వందల పన్నెండు. సీలుంది."

సంతకం పడింది. లెక్కలు సరిగ్గా వచ్చేదాకా టైపిస్టుని రికార్డు గదికి పంపారు. మూడు నెలలకి ఆమె బయటికొచ్చింది. ఖాళీ గ్లాసు చేతికిస్తే తడుముకోకుండా నాలుగు వందల పన్నెండు అంది. ఇప్పుడామెని అందరూ ఉత్త టైపిస్టు అంటున్నారు.

ప్రమోషన్ ఉత్తర్వు శనివారం ఇంటికొచ్చింది. భార్య దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చదివింది. 'హాజరు: ఉంది. నడత: ఉంది. ఉత్సాహం: ఉంది, సరిచూడబడినది.' తర్వాత, బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్న మొగుడి వైపు తిరిగింది.

"ఉత్సాహం ఏదండీ?"

"సీలుందిగా," అన్నాడు బాబాయ్.

నవ్వొచ్చిందా? మంచిదే. మీ పేరుకెదురుగా కూడా ఎక్కడో ఒక ఫైల్లో ఆ ఉత్సాహం గడి ఉంటుంది. వీలైతే మీ మూత ఏ తేదీన తీశారో ఒకసారి చూసుకోండి.