పేర్లు కనిపించే వంతెన

బోర్డులను ఫోటో తీయడమనే లలితకళను కోనసీమలో ప్రవేశపెట్టిన ఘనత మా ఊరి కేశవరావుగారికే చెందుతుందని, మా వంతెన నిర్మాణ కమిటీ కార్యదర్శి హోదాలో ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. బోర్డులకీ వంతెనకీ సంబంధమేమిటని కొందరు అమాయకులు అడగవచ్చు. ఈ నివేదిక వారి కోసమే.

కేశవరావుగారు గుమాస్తాగా రిటైరైన మర్నాడే అమలాపురం వెళ్లి కెమెరా కొన్నారు. కెమెరా కొన్నవాడెవడైనా పెళ్లిళ్లు తీస్తాడు, పడవలు తీస్తాడు, గోదావరిలో మునుగుతున్న సూర్యుణ్ణి తీస్తాడు. ఆయన వాటి జోలికే పోలేదు. "మనుషులు కదిలిపోతారండీ. బోర్డు కదలదు. అబద్ధమైనా నిలబడి చెబుతుంది" అనేవారు. రీలుకి ముప్పై ఆరు ఫోటోలు, ముప్పై ఆరూ బోర్డులే.

రాజోలులో ఒక టైలరు తన షాపు ముందు 'ఇస్తామన్న రోజున రావద్దు. మర్నాడు వస్తే ఎప్పుడు రావాలో చెబుతాం' అని రాయించుకున్నాడు. కేశవరావుగారు దాన్ని తీశారు. కొత్తపేటలో ఒక పెద్దమనిషి 'ఈ గోడ మీద ఏమీ రాయరాదు' అని ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఇంకెవరూ రాయడానికి చోటు లేకుండా రాయించాడు. అదీ తీశారు. ఒక భజన మందిరంలో ట్యూబులైటు మీద దాత పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం ఎంత దట్టంగా రాశారంటే, భక్తులు పక్కన దీపం పెట్టుకుని ఆ లైటు ఎవరిచ్చారో చదువుకుంటున్నారు. మా ఊరి కమ్యూనిటీ హాలు ఫ్యాను మూడు రెక్కల మీదా ముగ్గురు దాతల పేర్లున్నాయి. తిరిగితే పేర్లు కనిపించడం లేదని, మే నెలలో కూడా దాన్ని ఆపే ఉంచుతున్నాం.

ఈ ఫోటోలు ఒక్కొక్కటే పత్రిక ఆదివారం సంచికలో పడసాగాయి. దానితో మా ప్రాంతంలో కొత్త చైతన్యం వచ్చింది. బోర్డు లేని దానం మా వాళ్లు చేయరని కాదు. చేసినట్టు ఎవరికీ తెలియదు, అంతే. ఇప్పుడు జిల్లా మొత్తానికి తెలిసే మార్గం దొరికాక ఊరికే చేతులు ముడుచుకు కూర్చోవడానికి మేమేమైనా పిసినారులమా?

సరిగ్గా అప్పుడే వంతెన సంగతి వచ్చింది. మా ఊరు ఉప్పలగుప్తానికీ సముద్రానికీ మధ్య ఉంటుంది. ఊరికీ పేటకీ మధ్య పొలాలకు నీళ్లు పారే ఒక పంటబోదె. దాని మీద రెండు కొబ్బరి దుంగలు. పేటలో ఉండే దానమ్మ టీచరుగారు రోజూ ఆ దుంగల మీదుగానే మా పిల్లలకు ఎక్కాలు నేర్పడానికి వస్తారు. ఆ ఏడాది వేసవిలో ఆవిడ కూతురు పింకీ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. దానమ్మగారు, తర్వాత మా కమిటీ ప్రెసిడెంటైన త్రిమూర్తులుగారి అరుగు దగ్గరికి నేరుగా వచ్చారు.

"ఏవండీ, మా పింకీకి ఆగస్టులో పురుడండి. వానలు పడితే దుంగలు జారిపోతాయండి. ఆటో ఇవతలే ఆగిపోద్ది. ఈలోగా చిన్న వంతెన వేయించేరంటే మీ పేరు చెప్పుకుంటామండి."

రొయ్యల చెరువుల్లో నాలుగు రాళ్లు వెనకేసుకున్న త్రిమూర్తులుగారికి ఆ ఆఖరి మాట బాగా నచ్చింది. "ఆయ్, ఎందుకు వెయ్యమండీ టీచరుగారూ! మీరు చెప్పుకోవడం దేనికండీ, రాయి మీద చెక్కించేద్దాం" అన్నారు.

ఊరు ఊరంతా కదిలింది. ఒకరు సిమెంటు, ఒకరు ఇనుము, ఒకరు కంకర. మా దాతృత్వం చూసి నాకే కళ్లు చెమర్చాయి. శిలాఫలకం విషయంలో సాంకేతిక సలహాదారుగా కేశవరావుగారిని నియమించాం. నాలుగు వేళ్ల ఎత్తుకి తగ్గితే అక్షరాలు పత్రికలో కనబడవని ఆయన తేల్చి చెప్పారు. దాత పేరొక్కటే అయితే సరిపోయేది. తండ్రిగారి జ్ఞాపకార్థం అన్నారొకరు. తాతగారి జ్ఞాపకార్థం అన్నారింకొకరు. కంకర ఇచ్చిన కనకరాజుగారైతే, తండ్రి బతికే ఉన్నా, ముందుచూపుతో ఆయన జ్ఞాపకార్థం కూడా వేయించారు. ఫలకం పెరిగి పెరిగి మనిషికి రెండింతలైంది.

అంత రాయి నిలబడాలంటే దిమ్మ గట్టిగా ఉండాలి. ఇనుమంతా దిమ్మలోకి వెళ్లింది. వానకి అక్షరాల రంగు పోకూడదు. కాబట్టి పైన శ్లాబు వేశాం. శ్లాబుకి స్తంభాలు, స్తంభాల చుట్టూ మెట్లు. మేస్త్రి అప్పలస్వామి చేతులు కడుక్కుంటూ, "ఇంక వంతెనకి ఇసకే మిగిలిందండి" అన్నాడు. పనివాళ్లకు ప్రతిదానికీ వంక పెట్టడం అలవాటు కాబట్టి మేం పట్టించుకోలేదు. అవతల ఒడ్డున నిలబడి చూస్తున్న దానమ్మగారు వెనక్కి తిరిగారు. ఇంటికి వెళ్లిపోయారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి ఫలకానికి కట్టిన రిబ్బను కత్తిరించి, "ఈ పేర్లు చదువుతుంటే అవతలి ఒడ్డుకి చేరినంత ఆనందంగా ఉంది" అని ప్రసంగించారు. అంత ఆనందం ఇక్కడే కలిగినప్పుడు అవతలికి వెళ్లే అవసరమేముంది? కారెక్కి వెళ్లిపోయారు. చప్పట్ల మధ్య కేశవరావుగారు ఫోటో తీశారు.

ఫోటో కడిగి చూస్తే గుండె జారిపోయింది. శ్లాబు నీడ పడి పేర్లన్నీ నల్లగా అలుక్కుపోయాయి. పత్రికవాళ్లు తిప్పి పంపేశారు. కనకరాజుగారు అన్నం మానేశారు.

ఆగస్టు వచ్చింది. ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం పింకీకి నొప్పులు మొదలయ్యాయి. ఆటో ఇవతల ఆగింది. బోదె నిండుగా పారుతోంది. నీళ్లలో దిగితే కొట్టుకుపోతారు. దుంగల మీద ఎవరు కాలు పెట్టినా సర్రున జారుతోంది. పింకీ దుంగల దాకా వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని, "నావల్ల కాదమ్మా" అని ఏడ్చింది. అప్పుడు దానమ్మగారు శ్లాబు కింద తడవకుండా, క్షేమంగా ఉన్న మా పేర్ల వంక చూశారు. "పీకెయ్యండర్రా. పాపం నాది" అన్నారు.

పేట మగాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని దుంగల మీద పాక్కుంటూ దాటి వచ్చి, గునపాలతో ఫలకాన్ని పెకలించి, మోసుకెళ్లి దుంగల మీద పరిచారు. పేర్లు పైకే ఉన్నాయి. పింకీ వాటి మీద అడుగులో అడుగు వేసుకుంటూ దాటి ఆటో ఎక్కింది. సాయంత్రానికి అమలాపురంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మా కమిటీ పరిస్థితే విషమించింది.

అత్యవసర సమావేశం పెట్టాం. తన తండ్రిగారి పేరు మీద స్పష్టంగా పడిన అయిదు కాలివేళ్ల బురద గుర్తు చూసి కనకరాజుగారు భోరుమన్నారు. రాయిని తిరగేసి వేద్దామని ఎవరో అన్నారు. "తిరగేస్తే చదివేదెవరండీ, చేపలా?" అని త్రిమూర్తులుగారు కసిరారు. పీకిన చోటే మళ్లీ నిలబెట్టాలని తీర్మానం రాయబోతుండగా కేశవరావుగారు పరుగెత్తుకొచ్చారు. వాన వెలిసిందట. దిమ్మ మీది శ్లాబెక్కి, బోదె మీద పడుకున్న ఫలకాన్ని పైనుంచి చూశారట. "ఒక్క నీడ లేదండీ! ఒక్కో అక్షరం తళతళలాడిపోతంది!"

ఆ ఫోటో ఆదివారం సంచికలో అర పేజీ వచ్చింది. పేర్లన్నీ చదవవచ్చు. కనకరాజుగారు కడుపునిండా భోంచేశారు. ఫలకం ఇక అక్కడే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఈ విధంగా మా ఊరికి వంతెన వచ్చింది.

ఒకటే చిక్కు. జనం దాని మీద నడుస్తున్నారు. బురద కాళ్లతో నడిచి అక్షరాలు పూడ్చేస్తున్నారు. అందుకని రెండు చివరలా ముళ్లతీగ కట్టించి, ఎర్రరంగు బోర్డు పెట్టాం: 'దాతల పేర్లపై నడవరాదు. ఇట్లు, వంతెన నిర్మాణ కమిటీ.'

వంతెన ఉండి నడవకూడని ఊరు మరొకటి ఎక్కడుంది? కేశవరావుగారు కెమెరా పట్టుకుని వెంటనే వచ్చారు. బోర్డు, వెనక వంతెన, అన్నీ కుదిరాయి. మీట నొక్కబోతుంటే, పసిబిడ్డను భుజానికెత్తుకుని దానమ్మగారు బోదెలోకి దిగారు. నీరు తగ్గి నడుం దాకా ఉంది. టీకా వేయించడానికి ఇవతలికి రావాలి కదా.

"టీచరుగారూ, కొంచెం పక్కకి జరగండీ! బోర్డుకి అడ్డమొస్తన్నారు" అని కేకేశారు కేశవరావుగారు.

ఆవిడ నీళ్లలోనే ఆగారు. "ఎటు జరగమంటారండీ? ఇటు నీళ్లు, అటు మీ పేర్లూను."

కెమెరా క్లిక్‌మంది. కేశవరావుగారి ఫోటోలన్నిటిలోకీ దానికే ఎక్కువ పేరొచ్చింది. జిల్లా అంతా ఆ బోర్డు చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మీరూ నవ్వే ఉంటారు. బోర్డు కింద, మూలన, నీళ్లకి జానెడు ఎత్తులో ఒక పసిపాదం కూడా ఆ ఫోటోలో పడింది. అదెవరిదని అడుగుతూ ఈరోజు వరకు మా కమిటీకి ఒక్క కార్డు ముక్క రాలేదు. బోర్డు అంత బాగా రాసిన పెయింటరు అడ్రసు మాత్రం చాలా ఊళ్లవాళ్లు అడిగారు, పంపించాం.