నెమ్మదిగా వచ్చిన పాట

వినికిడి మిషన్లు అమర్చే టెక్నీషియన్ ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. తమ చెవి ఆసుపత్రి పదో వార్షికోత్సవంలో గంటసేపు డీజేగా పాటలు కలపాలి. డాక్టరమ్మ ప్రసంగానికి ముందు జనాన్ని హుషారు పాటల్లోంచి ప్రోగ్రెసివ్ హౌస్ అనే, మాటల్లేకుండా ఒకే లయలో సాగే ఒక నెమ్మదైన పాటలోకి దించాలి. అందుకోసం వారమంతా ఇంట్లో సాధన చేశాడు. భార్య నాలుగు నిమిషాలు ఓపిగ్గా విని, "ఏవండీ, ఇందులో పాట ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"వచ్చినట్టు తెలియకుండా రావడమే దీని గొప్ప," అన్నాడతను.

డాక్టరమ్మంటే అతనికి మామూలు భయం కాదు. ఆవిడ కారు హారన్ వినబడితే తాగుతున్న నీళ్లు గొంతులోనే ఆగిపోయేవి. ఆ పొద్దున ఆవిడ పిలిచి మరీ చెప్పింది, తను వేదిక ఎక్కేదాకా సంగీతం ఆగకూడదని, నిరుటిలా ప్రసంగం మధ్యలో ఎవరూ లేచి గట్టిగా చెప్పమని అరవకూడదని. నిరుడు మైకు చూసుకున్న మనిషి ఇప్పుడక్కడ పనిచేయడం లేదు.

పదిన్నరకు సభ మొదలైంది. సిబ్బంది అంతా వెనక భోజనాల ఏర్పాట్లలో ఉన్నారు. కుర్చీల్లో కూర్చున్నది ఇరవై ముగ్గురు పేషెంట్లు, అందరూ అరవై దాటినవాళ్లే. మిషన్ లేకపోతే వాళ్లకు ఉరుము కూడా గుసగుసే. హుషారు పాటలకు కాళ్లు కదిపారు. ఒకావిడ చేతికర్రతో నేలమీద తాళం వేసింది. అప్పుడతను పాత పాట బాస్ దరువు తగ్గించుకుంటూ వచ్చి, కొత్త పాటను సన్నగా పైకి లేపాడు. రెండూ పాలూ నీళ్లలా కలిసిపోయాయి. ఇంత శుభ్రంగా అతను జన్మలో కలపలేదు. హాయిగా కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి ముందు వరుసలో రిటైర్డ్ హెడ్మాస్టారు తన మిషన్‌ను వేలితో కొట్టి చూసుకుంటున్నారు. పక్కాయన తనది తీసి ఊదుతున్నాడు. అతనికప్పుడు గుర్తొచ్చింది. ఒకే తీరుగా సాగే శబ్దం వస్తే ఫ్యాను చప్పుడుగా లెక్కేసి అణిచెయ్యమని ఆ మిషన్లకు నేర్పినవాడు తనే. ఈ పాటంతా ఒకే తీరుగా సాగే శబ్దమే.

"బ్యాటరీ అయిపోయినట్టుందమ్మా," అన్నారు హెడ్మాస్టారు రిసెప్షనిస్టుతో. ఆమె మంచి మనసుతో ఒక స్టీలు ట్రే తెచ్చి ఆయన మిషన్ అందులో వేయించుకుంది. ఆయన్ని చూసి పక్కాయన, పక్కాయన్ని చూసి వెనకావిడ, వరుసగా అందరూ తీసి ఇచ్చేశారు.

పాట ఆపడానికి లేదు, పాటలు కలిపే మిక్సర్ వదిలి కదలడానికి లేదు. అతను రెండు చేతులూ పైకెత్తి వద్దు వద్దని ఊపాడు. పేషెంట్లు సంబరపడి తామూ చేతులెత్తి ఊపారు.

రిసెప్షనిస్టు ట్రేతో అతని దగ్గరికే వచ్చింది. "అన్నా, ఇరవై మూడూ వచ్చేశాయి."

"ఏది ఎవరిదో రాసుకున్నావా?"

ఆమె ట్రేలోకి చూసింది. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు, చిక్కుడు గింజలంత. "అన్నీ ఒకటే కదన్నా," అంది. కానీ ఒక్కోటీ ఒక్కో చెవికి సరిపడా దిద్దినదనీ, తారుమారైతే పాపం ఆ ముసలి చెవుల్లో పిడుగు పడ్డట్టే ఉంటుందనీ ఆమెకూ తెలుసు. మిషన్ మీదున్న ఏ నంబరు ఎవరిదో డాక్టరమ్మ గదిలోని కంప్యూటర్‌లో ఉంది. వెళ్లి సరిచూడమని ఆమెను తరిమేసేసరికి డాక్టరమ్మ వేదిక ఎక్కింది. అతను సంగీతం ఆపాడు.

ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. ఎవరో ఒకరు లేచి అరుస్తారని, ఆ వెంటనే తన ఉద్యోగం ఊడుతుందని అతను క్షణక్షణం ఎదురుచూశాడు. చెవిటివాడి ముందు శంఖం అన్న సామెత ఆ ఆసుపత్రిలో నిషిద్ధం. అది నాలుక చివరిదాకా వస్తే నాలుక కరుచుకున్నాడు. కానీ ఎవరూ లేవలేదు. బ్యాటరీలు వచ్చేదాకా మర్యాదగా ఉందామని అందరూ ఆవిడ ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ నవ్వితే నవ్వారు, వేలెత్తితే తలలూపారు. చివర్లో హెడ్మాస్టారు కాలు తిమ్మిరెక్కి లేచి నిలబడ్డారు. సభ అయిపోయిందనుకుని మిగతావాళ్లూ లేచి చప్పట్లు కొట్టారు.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత నేరుగా మిక్సర్ దగ్గరికి నడిచి వచ్చింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"మేడం, తప్పంతా నాదే," అన్నాడు.

ఆవిడ పట్టించుకోలేదు. "పదేళ్లుగా మాట్లాడుతున్నాను. ఇంత శ్రద్ధగా విన్నది ఇవాళే. ఆఖర్న వేశావే, ఆ నెమ్మది పాట, అదే వీళ్ల మనసు కుదుటపరిచింది. ఇక నా ప్రతి సభకీ అదే వెయ్యి," అంది. వెళ్లబోతూ ఆగి, "ఇంతకీ నేను చెప్పినదాంట్లో నీకేది నచ్చింది?" అని అడిగింది.

"అంతా నచ్చిందండి," అన్నాడతను.

ఆ హాల్లో చెవులు పనిచేస్తున్న శ్రోత అతనొక్కడే. భయంతో అతనికీ ఒక్క ముక్క వినబడలేదు.