పెండ్లి కార్డుకు నీళ్ళు

ఆ ఉదయం శశాంక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హన్మకొండలో వెంకటయ్య ఇంటికి వెళ్ళడం, పెండ్లి కార్డులు పట్టుకుని నవ్వుతున్న ఆ ఇంటివాళ్ళను ఒక ఫోటో తీయడం, దాన్ని తన తండ్రి రాంచందర్‌కు పంపడం. అంతే. కాకపోతే ఆ ఒక్క ఫోటో మీద అతని బతుకంతా ఆధారపడి ఉంది.

శశాంక్ విత్తనాల కార్డులు చేస్తాడు. పాత కాగితాన్ని నానబెట్టి, గుజ్జు చేసి, అందులో మెంతులు కలిపి, అట్టలుగా ఆరబెట్టి, వాటి మీద పెండ్లి పిలుపు అచ్చు వేస్తాడు. పెండ్లయ్యాక ఆ కార్డును చెత్తలో పడేయకుండా కుండీలో పాతి నీళ్ళు పోస్తే మెంతికూర వస్తుంది. భూమికి మేలు, ఇంటికి కూర. ఎనుమాముల మార్కెట్లో మిర్చి దుకాణం నడిపే రాంచందర్‌కు ఈ మేలు ఏ కోశానా అర్థం కాలేదు. ఇంజనీరింగ్ చదివిన కొడుకు పొద్దంతా కాగితం పిసుకుతుంటే చూడలేక, తన దోస్తు వెంకటయ్య కూతురి పెండ్లి కార్డుల ఆర్డరు తనే ఇప్పించి, ఒక షరతు పెట్టాడు.

"ఇదొక్కటి మంచిగైతే నీ తెరువుకు రాను. ఏమన్న తేడా వచ్చిందా, సోమవారం నుంచి దుకాణంల నా పక్కన కూసోవాలె."

మిర్చి ఘాటును శశాంక్ ఎలాగైనా ఓర్చుకునేవాడే. ఆ 'పక్కన' అన్న మాటకే అతనికి చెమటలు పట్టాయి.

మూడు వందల కార్డులు ఇచ్చి వారమైంది. అతను బూట్లు వేసుకుంటుండగా వెంకటయ్యే ఫోన్ చేశాడు. "జర ఇంటికి రా బిడ్డా. కార్డుల సంగతి మాట్లాడాలె." మెచ్చుకోవడానికే అనుకుని శశాంక్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ బయల్దేరాడు.

వెంకటయ్య అతన్ని దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, ఇత్తడి గంగాళం మీది తడిబట్ట తొలగించాడు. లోపల కార్డులన్నిటి మీద తెల్లటి పోగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచి ఉన్నాయి.

"పురుగులు వట్టినయ్," అన్నాడు వెంకటయ్య నీరసంగా.

"పురుగులు కావు కాకా, మెంతులు మొలిసినయ్."

"మొలిస్తె పెండ్లయినంక మొలవాలె గద? ముందే ఎట్ల మొలిసినయ్?"

జవాబు వెనకనుంచి వచ్చింది. వెంకటయ్య తల్లి భద్రమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పసుపు వెట్టకుండ పత్రిక ఎట్ల పంచుతం? నాలుగు మూలల వెట్టిన. ఎండి రాలితె మంచిది గాదని రోజు పొద్దుగాల ఇన్ని నీళ్ళు జల్లి బట్ట కప్పుతాన."

ఏడు రోజులు, ఒక్క పూట తప్పలేదు. అన్నీ ఆలోచించిన శశాంక్‌కు పసుపు సంగతి మాత్రం తట్టలేదు. శుభలేఖకు పసుపు పెడతారని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తన తలను ఆ గంగాళానికే కొట్టుకోవాలనిపించింది.

పెండ్లికొడుకు తల్లి వరలక్ష్మి పన్నెండింటికి నర్సంపేట నుంచి వస్తోంది. తమ వాటా కార్డులు పట్టుకెళ్ళడానికి. భోజనం ఇక్కడే. కొత్తవి చేయాలంటే పది రోజులు పడుతుంది. శశాంక్, వెంకటయ్య చెరో కత్తెర తీసుకుని డాబా మీద కూర్చుని మొలకలు కత్తిరించడం మొదలుపెట్టారు. రెండు గంటల్లో నలభై కార్డులు అయ్యాయి. ఒకచోట మొలక అక్షరాన్ని కూడా వెంట తీసుకుపోవడంతో, శ్రీకాంత్ అనే పెండ్లికొడుకు ఉత్త కాంత్‌గా మిగిలాడు.

"పిల్లగాడు సగమే ఉన్నడు," అన్నాడు వెంకటయ్య.

"సదివెటోళ్ళు అర్థం జేసుకుంటరు కాకా," అన్నాడు శశాంక్. అతనికే నమ్మకం కలగలేదు.

కత్తిరించిన మొలకలు గిన్నెలో వేసి వంటింటి ముందు పెట్టారు. లేత కూర ఊరికే పోవడం భద్రమ్మ ఇంట్లో జరగదు. అది కడిగి పప్పులో వేసింది.

వరలక్ష్మి వచ్చింది. రెండోసారి పప్పు వడ్డించుకుంది. "కూర ఎంత లేతగుంది పెద్దమ్మా. ఏడ దొరికింది?"

"ఈ పిల్లగాడే తెచ్చిండు," అని భద్రమ్మ శశాంక్‌ను చూపించింది.

"మీ తోటదా బిడ్డా? ఎంత భూమి ఉన్నది?"

శశాంక్ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే, కత్తెర పట్టకముందు కోపంలో వెంకటయ్య చేసిన ఫోన్ అందుకుని బయల్దేరిన రాంచందర్ వాకిట్లోకి అడుగుపెట్టాడు. "ఏందే వెంకటయ్యా, కార్డులు మొలిసినయంటివి?"

వరలక్ష్మి చెయ్యి విస్తరిలో ఆగిపోయింది. "ఏ కార్డులు?"

తప్పు జరిగిందని తెలియని మనిషి ఆ ఇంట్లో భద్రమ్మ ఒక్కతే. "మీ కార్డులే బిడ్డా. చెయ్యి గడుక్కొని రా, సూపిస్త."

వరలక్ష్మి గంగాళం మీదికి వంగింది. ఆపాటికి శశాంక్ మనసులోనే మిర్చి బస్తాలు లెక్కపెడుతున్నాడు. ఆమె ఒక కార్డు తీసి కళ్ళకద్దుకుంది.

"పెండ్లి పాలికెలల్ల నవధాన్యాలు మొలవాలని మేం ఎంత తిప్పలు వడ్తం! మీ ఇంట్ల పత్రికలే మొలిసినయ్ పెద్దమ్మా. ఇంతకన్న శుభం ఏముంటది?" తర్వాత పక్కనున్న నలభై కార్డుల మీద ఆమె చూపు పడింది. "వీటినెవరు గొరిగిండ్రు?"

వెంకటయ్య శశాంక్ వైపు చూశాడు. శశాంక్ గోడ గడియారం వైపు చూశాడు.

"ఇవి మాకద్దు. మొలిసినయే కావాలె. ఇంకో రెండు వందలు గూడ, గిట్లనే."

శశాంక్‌కు ప్రాణం లేచొచ్చింది. గెలిచాడు. ఇక ఎవరి పక్కనా కూర్చోనక్కర్లేదు. సంతోషంగా ఆర్డరు తీసుకుందామని నోరు తెరిచేలోపే రాంచందర్ జేబులోంచి పెన్ను తీశాడు.

"మొలక ఎంత పొడుగుండాలె చెల్లె? ఇంచా, రెండించులా? మా దగ్గర రెండు రకాలున్నయ్."

తిరిగి వస్తూ బండి వెనక కూర్చున్న రాంచందర్ కొడుకు భుజం తట్టాడు. "మంచి లైన్ వట్టినవ్‌రా. దుకాణం గుమాస్త సూసుకుంటడు గని, ఇగ ఇది నేను సూసుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు."

సోమవారం నుంచి శశాంక్ తన సొంత కంపెనీలో ఉద్యోగంలో చేరాడు.