మూడు భాషల ముద్ర

ఎంత చెడిన బడినైనా బాగుచేయగల శక్తి లోకంలో ఒక్క పర్యవేక్షణ సంఘానికే ఉంది. మా సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. నగర్తపేటలో రబ్బరు స్టాంపులు చేసుకునే నన్ను 2006లో ఎందుకు ఎన్నుకున్నారంటే, సంఘానికి ఒక ముద్ర కావాలి. నేనైతే ఊరికే చేసిపెడతాను. (అర్హతల మాట ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.)

మా వీధిలోని ప్రైవేటు బడికి సర్కారు కన్నడంలో చెప్పమని అనుమతి ఇచ్చింది. బడి ఇంగ్లీషులో చెబుతానని బోర్డు పెట్టింది. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఇలాంటి బడిని ఎవరు అదుపులో పెట్టాలని మూడు ఆదివారాలు బహిరంగంగా చర్చించి, నియమావళి రాశాం. రెండో నియమం: ఆకస్మిక తనిఖీకి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి (లేకపోతే బడివాళ్ళు కంగారు పడతారు).

ఆ ఏడు రోజుల్లో నేను ముద్ర తయారుచేశాను: "తనిఖీ చేశాం. సంతృప్తికరం." ఎవరూ నొచ్చుకోకుండా మూడు భాషల్లోనూ చెక్కాను. తనిఖీకి ముందే ఫలితం చెక్కకూడదని తోచలేదు. మా వృత్తిలో గిరాకీ వచ్చేసరికి సరుకు సిద్ధంగా ఉండాలి.

తనిఖీ రోజు బడి మెట్ల మీద గంగమ్మ అడ్డంగా నిలబడింది. కట్టడాల దగ్గర ఇటుకలు మోస్తుంది. పక్కన కూతురు స్వప్న.

"అప్పా, నా బిడ్డ మూడో క్లాసులో ఉండాది. పేరు రాయమంటే గోడకల్లా చూస్తాది. ఇట్లే నాలుగో క్లాసుకి తోసేస్తే ఇంక నా మాదిరి ఇటుకలు మోసేదే. ఈ యేడు ఈడనే పెట్టి నేర్పియ్యమని మీ కాగితంలో రాయప్పా."

బడి కార్యదర్శి గురప్ప నవ్వాడు. "ఏ భాషలో రాదో తేలాల గదమ్మా! కన్నడం రాకుంటే సర్కారును అడుగు. తెలుగు రాకుంటే అది మీ ఇంటి సంగతి."

"మరి ఇంగ్లీషు?" అంది గంగమ్మ.

"దానికి మాకు పర్మిషనే లేదు గదా!"

ఆ వాదనలో నాకు లోపమేమీ కనిపించలేదు. (నేను చట్టం చదవలేదు. లాయర్లకు స్టాంపులు మాత్రం చేశాను.)

అయినా గంగమ్మ నా జేబువైపే చూస్తోంటే పెన్ను తీశాను. నివేదికలో ఖాళీ లేదు, ముద్రకు వదిలిన చోటు తప్ప. ఆ కొలతా నాదే. పెన్ను జేబులో పెట్టేసి, ముద్ర వేశాను.

స్వప్న వంగి చూసింది.

"ఏం రాసుందో చదువు పాపా," అన్నాను. ఏ భాషయినా సరే అన్నాను.

ఊదారంగు సిరా ఆరేదాకా మూడు వరుసలనూ తేరిపార చూసి, "బాగుండాదప్పా. పువ్వు మాదిరి," అంది.

"రాసుకోండి సార్," అన్నాడు గురప్ప.

మార్జిన్‌లో చోటు దొరికింది. రాశాను: "విద్యార్థిని నివేదికను స్వయంగా పరిశీలించి, బాగుందని తెలిపింది."